నిద్రకు ముందు నమ్మకం

నిద్రపోవడమంటే చుట్టూ ఉన్న ప్రపంచంపై కాపలా వదులుకోవడమే కనుక, ఆ కొద్ది గంటలు తనను కాచేవారున్నారన్న నమ్మకం మనిషికి ముందుగా కుదరాలి. పసిబిడ్డకు సాకేవారితో ఏర్పడే బంధమే ఆ నమ్మకానికి పునాది అని బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ రూపొందించిన అనుబంధ సిద్ధాంతం చెబుతుంది.

ఇజ్రాయెల్‌లో కిబ్బుట్జ్ అనే సామూహిక వ్యవసాయ గ్రామాల్లో ఒకప్పుడు పిల్లలు రాత్రిళ్లు తల్లిదండ్రుల దగ్గర కాక శిశుగృహాల్లో పడుకునేవారు. బిడ్డ ఏడిస్తే వచ్చేది తల్లి కాదు, వంతులవారీగా మారే కాపలా స్త్రీ. ఆమె గొంతు కూడా బిడ్డకు కొత్తే కావచ్చు. పగటి సంరక్షణ ఒకే స్థాయిలో ఉన్నప్పటికీ, తల్లి ఎడబాటుకు కలతపడినా ఆమె తిరిగి రాగానే ఊరట పొందే సురక్షితానుబంధం ఇంట్లో నిద్రించే శిశువుల్లో 80 శాతం మందికి, శిశుగృహాల్లో నిద్రించేవారిలో 48 శాతం మందికి మాత్రమే ఉన్నట్లు 1994లో వెలువడిన అధ్యయనం చూపింది. ఆ అంకెల మధ్య దూరం నిజంగా కలవరపెట్టేది.

పెద్దయ్యాక కూడా, ఆత్మీయులు దూరమవుతారన్న భయం వెన్నాడే ఆందోళనానుబంధం గలవారు కలత నిద్ర గురించి ఎక్కువగా చెబుతారు. అయితే నిద్రలేమి కూడా బంధాలను దెబ్బతీయగలదు కనుక కారణమేదో ఫలితమేదో తేల్చడం సులభం కాదు. తమను కాచేవారున్నారన్న నమ్మకమిచ్చిన జీవిత భాగస్వామిని కోల్పోయిన వృద్ధుల నిద్రలేమిని వయసు ఖాతాలో వేసి మాత్రలతో సరిపెట్టడం మాత్రం అన్యాయమే, ఈ సంచికలో అత్యధిక పుటలు వారికే దక్కడానికి కారణం అదే.