పిల్లలకు దేశాన్ని ఏ పొలిమేర నుంచి చూపిద్దాం?



దీపావళి సెలవులకు మా అక్క కొడుకు ఆశ్రమ పాఠశాల నుంచి ఇంటికొచ్చిండు. ఐదో తరగతి. తాజ్‌మహల్ ఎవరు కట్టించిండ్రని అడిగితే టక్కున చెప్పిండు. దేశ రాజధాని, జాతీయ పక్షి, అన్నీ చెప్పిండు. మా అందరికీ సంతోషమే. అప్పుడు తాత అడిగిండు: "మరి మనం ఎన్ని దేవతలోళ్లం రా?" వాడు నా ముఖం చూసిండు.

అదే సాయంత్రం గూడెంలకి దండారి వచ్చింది. నెమలి ఈకల టోపీలు పెట్టుకున్న గుస్సాడీలను చూసి, "మామా, వీళ్లెందుకు ఇట్ల వేషాలు వేసుకుంటరు?" అన్నడు. తాత ఏం మాట్లాడలే. లేచి లోపలికి పోయిండు. ఆ ముసలాయనకు గుస్సాడీ అంటే దైవం ఆవహించిన మనిషి. మనవడికి మాత్రం అది వేషం.

పిల్లాడి తప్పేం లేదు. ఆరేళ్లకే హాస్టల్‌కు పంపింది మనమే. సెలవులకొస్తే ఫోన్ చేతికిచ్చిందీ మనమే. మన గురించి వానికి ఎవరు చెప్పిండ్రు గనుక తెలుస్తది?

ఒక మాట స్పష్టంగా చెప్తున్నా. తాజ్‌మహల్ వద్దని కాదు. భారతదేశం గురించి మన పిల్లలు బాగా చదవాలె. కానీ ఆ దేశంలో తాము ఎక్కడున్నమో తెలియకుండా చదివితే, అది వాళ్లకు ఎవరిదో దేశం లెక్కనే కనిపిస్తది. దేశాన్ని మన పొలిమేర నుంచి చూపించండి. అప్పుడు అది సొంతమైతది.

ఎట్లంటరా? జాగ్రఫీలో పిల్లలు గోండ్వానా అనే పురాతన మహాఖండం పేరు చదువుతరు. ఆ పేరు మన గోండుల నేల నుంచే వచ్చిందని మీరు చెప్పండి. మొఘలుల పాఠం చదువుతుంటే, 1564లో అక్బర్ సైన్యంతో పోరాడి ప్రాణం విడిచిన గోండ్వానా రాణి దుర్గావతి గురించి చెప్పండి. మ్యాపు తెరిచి చంద్రపూర్ చూపించి, అది ఒకప్పుడు గోండు రాజుల రాజధాని అని చెప్పండి. కెరమెరి దిక్కు జంగుబాయి దగ్గరికి తీసుకపోండి. మహారాష్ట్ర నుంచి వచ్చిన మనోళ్లను చూస్తే, రాష్ట్రాల గీత ఇవతలా అవతలా ఉన్నది ఒకే బంధుత్వమని వానికే అర్థమైతది. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు ఏంటో, ఒకే సగలో పెళ్లి ఎందుకు చేసుకోమో చెప్పండి. అది మన సాంఘిక శాస్త్రం. జోడేఘాట్ గుట్టల్లో నడిపించి, 1940లో కుమ్రం భీం ఎందుకోసం నేలకొరిగిండో అక్కడే చెప్పండి.

కేస్లాపూర్ నాగోబా జాతరలో భేటింగ్ చూసే ఉంటరు. మెస్రం వంశంలకి కొత్తగా వచ్చిన కోడళ్లను దేవుడికి, పెద్దలకు పరిచయం చేస్తరు. కొత్త కోడలికే అంత పద్ధతిగా పరిచయం చేసే జాతి మనది. కన్నబిడ్డను ఏ పరిచయం లేకుండా వదిలేద్దామా?

ఇక భాష. గోండి మాట్లాడేవాళ్లు 2011 జనాభా లెక్కల్లోనే 29 లక్షలకు పైగా ఉన్నరు. అయినా ఎనిమిదో షెడ్యూల్‌లో గోండికి చోటు లేదు. సంతాలీకి, బోడోకు 2003లో వచ్చింది. ఊరికే రాలే, వాళ్లు కొట్లాడితే వచ్చింది. గోండిలో చదువు కుదరదని ఎవరన్నా అంటే మార్లవాయి పేరు చెప్పండి. 1940ల్లోనే హైమెన్‌డార్ఫ్ చొరవతో అక్కడ గోండు పంతుళ్లకు శిక్షణ ఇచ్చిండ్రు, గోండిలో వాచకాలు తెచ్చిండ్రు. గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. లిపి ఉంది, భాష ఉంది. బడిలో ఆ భాష మాట్లాడే పంతులే కరువు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020లో కొట్టేసింది. దాన్ని మనం ఉద్యోగాల నష్టంగానే చూసినం. కానీ ఒకటో తరగతి పిల్ల "యేర్" అని అడిగితే, ఆమెకు దాహమైతుందని అర్థం చేసుకునే మనిషి బడిలో ఉంటడా ఉండడా అన్నది కూడా అందులోనే ఉంది.

"గోండి నేర్చుకుంటే ఉద్యోగమొస్తదా?" అని మనోళ్లే అడుగుతరు. తెలుగు, ఇంగ్లిష్ గట్టిగా నేర్పండి, ఎవరొద్దన్నరు? ఇంటి భాష ఉన్న పిల్లకు ఇంకో భాష ఎక్కడం కష్టం కాదు. తన భాషకు సిగ్గుపడ్డ పిల్లే క్లాసులో నోరు తెరవదు.

ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెప్తున్నది. మన సంస్కృతిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని 1996 పెసా చట్టం చెప్తున్నది. కాబట్టి వచ్చే గ్రామసభలో రోడ్డు, బోరుతో పాటు ఇదీ రాయించండి: మా బడిలో మా భాష వచ్చిన పంతులు కావాలె.

అది వచ్చేదాకా ఆగొద్దు. ఈ సెలవుల్లో ఒక పిల్లనో పిల్లగానినో వెంటబెట్టుకొని గూడెం చుట్టూ తిరగండి. వాగు పేరు, గుట్ట పేరు, పేన్ ఉన్న చోటు అడిగి వాళ్లతోనే మ్యాపు గీయించండి. తోటి, పర్ధాన్ పెద్దలు కిక్రీ మీద కథ చెప్తుంటే ముందు వరుసలో కూర్చోబెట్టండి. కోయ తమ్ముళ్లు, కొలాం, నాయకపోడు, చెంచు చెల్లెండ్లు మీ మీ నేలల్లో, మీ మీ మాటల్లో ఇదే పని చేయండి.

మా అల్లుడు సెలవులు అయిపోయి తిరిగి పోయేముందు తాత పక్కన కూర్చొని ఏడు దేవతల కథ సగం విన్నడు. మిగతా సగం సంక్రాంతికి చెప్తా అన్నడు తాత. ఆయనకు ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు.

మీ ఇంట్ల కథ ఎంతవరకు వచ్చింది?

జై ఆదివాసీ! జల్, జంగల్, జమీన్!