వేగం కలిస్తేనే మాట కలిసేది

పిల్లల కోసం ఆరేళ్ళు ఉద్యోగం మానేసి, మళ్ళీ చేరిన మూడో వారం. రాత్రి పదకొండింటికి ఫోను. వేరే ఊళ్ళో ఉన్న మా సర్వర్ నెట్‌వర్క్‌లో కనబడటం లేదట. దాని పక్కనే ఒక లాప్‌టాప్ ఉంటుంది. దానికి విడిగా మొబైల్ కనెక్షన్, సర్వర్ సీరియల్ పోర్టుకి ఒక కేబులూ. ఇలాంటి రోజు కోసమే పెట్టారు.

ఇంట్లోంచే ఆ లాప్‌టాప్‌లోకి వెళ్ళి, పుట్టీ తెరిచి, సీరియల్ ఎంచుకున్నాను. తెర నిండా పిచ్చి గీతలు, ప్రశ్నార్థకాలు! చేతులు చల్లబడ్డాయి. "అన్నీ మర్చిపోయాను, ఎందుకొచ్చిన ఉద్యోగం" అనిపించింది.

నీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చూశాను. పిచ్చి అక్షరాలు వస్తున్నాయంటే కేబుల్ బాగానే ఉన్నట్టు. తేడా వేగంలో ఉండాలి. సీరియల్ లైన్లో గడియారానికి వేరే తీగ ఉండదు. అటూ ఇటూ ఒకే వేగం ముందే అనుకోవాలి. పుట్టీ 9600లో వింటోంది. 115200 పెట్టాను. తెర మీద చక్కటి ఇంగ్లీషు!

మిగతావి సరిగ్గానే ఉన్నాయి: డేటా బిట్లు 8, పారిటీ లేదు, స్టాప్ బిట్ 1. దీన్నే 8ఎన్1 అంటారు. ముందొచ్చే స్టార్ట్ బిట్‌తో కలిపి ఒక్కో అక్షరానికి 10 బిట్లు. అంటే 9600 వేగంలో సెకనుకి 960 అక్షరాలు.

కానీ నేను కొట్టింది మాత్రం అటు వెళ్ళడం లేదు. వినబడుతోంది గానీ మాట్లాడలేను! ఫ్లో కంట్రోల్ చూస్తే, నా ముందువాళ్ళు ఆర్‌టీఎస్/సీటీఎస్ అని పెట్టి ఉంచారు. అంటే "పంపు" అని అటునుంచి ఒక తీగ మీద సైగ వస్తేనే మన అక్షరం కదులుతుంది. మా కేబుల్లో ఉన్నవి మూడే తీగలు: పంపేది, అందుకునేది, గ్రౌండ్. సైగ ఎలా వస్తుంది? 'నన్' అని మార్చి ఎంటర్ కొట్టాను. లాగిన్ అడిగింది.

ఆ తర్వాత పని పది నిమిషాలే. ఎవరో నెట్‌వర్క్ అడ్రసులో ఒక అంకె తప్పు కొట్టారు, అంతే.

మర్నాడు ఆ సెట్టింగులన్నీ ఒక కాగితం మీద రాసి, లాప్‌టాప్‌కి అతికించమని అక్కడివాళ్ళకి పంపాను. మీరూ అలాగే చేయండి.

నేను ఇంట్లో ఉన్న ఆరేళ్ళలో ఎన్నో సాఫ్ట్‌వేర్లు మారిపోయాయి. ఈ సీరియల్ పద్ధతికి ఆధారమైన ఆర్‌ఎస్-232 ప్రమాణం మాత్రం 1960 నాటిది. మళ్ళీ ఉద్యోగంలో చేరాలా వద్దా అని తటపటాయిస్తున్న అమ్మాయిలూ, మీరు నేర్చుకున్నదంతా పాతబడిపోలేదు. మొదటి రాత్రి తెర మీద పిచ్చి గీతలొస్తే భయపడకండి. ముందు వేగం చూడండి.