పక్షవాతము: తొలి గడియలు, తదుపరి నెలలు

ఆదోని దిక్కు పల్లెలలో తెల్లవారుజామున లేచిన రైతునకు మూతి వంకరపోయి, మాట తడబడి, చేతిలోని చెంబు జారిపడినచో, గాలి సోకినదని పసరుమందునకై పరుగిడు బంధువులు, మెదడున రక్తనాళము పూడినపుడు నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని యెరుగరు. రక్తపు గడ్డను కరగించు సూదిమందు, స్కానులో రక్తస్రావము లేదని తేలిన పిమ్మట, లక్షణములు మొదలైన నాలుగున్నర గంటలలోపల పడవలెను. కర్నూలు పెద్దాసుపత్రికో కడప రిమ్సుకో చేరుసరికి ఆ గడువు దాటుట అరుదు కాదు.

రోగి కోలుకొనుటను నిర్ణయించువానిలో వయస్సు, దెబ్బతిన్న భాగపు విస్తృతి మన చేతిలోనివి కావు. రక్తపోటు, మధుమేహము, బీడీ మాత్రము మన చేతిలోనివే. మ్రింగగలడో లేడో చూడకయే రోగి నోట సంగటిముద్ద పెట్టు ఆప్యాయత ఊపిరితిత్తులకు చేటు తెచ్చును.

కోలుకొనుట మిక్కుటముగా జరుగునది తొలి మూడు నెలలలో. అప్పుడు నిత్యము అవయవములను కదలించు సాధన చేయింపవలయును. ఇల్లిల్లు సుగ్గికని గుంటూరు మిరపచేలకు వలసపోయిన ఊరిలో, చూరుక్రింద మంచముపై మిగిలిన ముసలివానిని చేయిపట్టి నడిపించువారెవరు? మండలమునకొక ఫిజియోథెరపిస్టును నియమింపవలయునని ప్రభుత్వమును, మూతి వంకరపోయిన క్షణముననే 108కు ఫోను చేయవలయునని పాఠకులను కోరుచున్నాము.