థీసిస్ చివరి పేజీల్లో మన పేర్లు

మీ ఇంట్లో ఎవరైనా మాస్టర్స్‌కో పీహెచ్‌డీకో థీసిస్ రాస్తుంటే ఒకసారి చివరి పేజీలు తిప్పి చూడండి. లోపలి విషయం అర్థం కాకపోయినా ఫరవాలేదు. అక్కడ అక్షరక్రమంలో పుస్తకాల జాబితా ఉంటుంది. ఈ దేశంలో ఉన్న అన్ని జాతుల పేర్లనీ ఒకే అచ్చులో కుక్కడానికి పిల్లలు పడే తంటా అందులో తెలుస్తుంది.

చాలామంది వాడే ఏపీఏ పద్ధతి అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘానిది. ఇప్పుడు నడుస్తున్నది 2020 నాటి ఏడో కూర్పు. ఇంటిపేరు ముందు రాసి, మిగతా పేరుని పొడి అక్షరాలు చెయ్యమంటుంది. ఇంటిపేరు ఏదో తెలియని కంప్యూటరు మాత్రం ఆఖరి మాటే ఇంటిపేరనుకుంటుంది. చిక్కంతా అక్కడే.

మలాయివారికి మామూలుగా ఇంటిపేరు ఉండదు. 1970లో 'ది మలే డైలమా' రాసిన మహాతిర్ మొహమాద్ గారిని "మొహమాద్, ఎం." అని వేస్తే పుస్తకం వాళ్ల నాన్నగారి ఖాతాలోకి పోతుంది. చీనావారిది ఇంకో తీరు. చరిత్రకారుడు ఖూ కే కిమ్ గారి ఇంటిపేరు ఖూ, అది ముందే ఉంది. దాన్ని "కిమ్, కె. కె." చేసినవాళ్లు ఆయన పుస్తకం తెరిచి చూడలేదనే అనుకోవాలి. ఇక మలయాలోని భారతీయుల గురించి రాసేవాళ్లెవరూ వదలలేని పుస్తకాలు రెండున్నాయి: కెర్నియల్ సింగ్ సంధూ గారిది (1969), సిన్నప్పా అరసరత్నం గారిది (1970). సంధూ వంశం పేరు. అరసరత్నం సొంత పేరు, సిన్నప్పా తండ్రి పేరు. జాబితాలో మాత్రం రెండూ ఒకే రకం పేర్లలా కూర్చుంటాయి.

మరి మన సంగతి? శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత. గురజాడ అప్పారావు గారిలాగ. ఇక్కడి కాగితాల్లో చాలామందికి ఆ ముందుమాట పోయి, వెనక ఏ/ఎల్, ఏ/పీ చేరి, తండ్రి పేరు వచ్చింది. ఇంటిపేరు పెళ్లి సంబంధాలు మాట్లాడుకునేటప్పుడే బయటికొస్తుంది. కాబట్టి లక్ష్మి ఏ/పీ అప్పలసామి అనే అమ్మాయి వ్యాసం రాస్తే, దాన్ని ఉదహరించేవాళ్లు "అప్పలసామి, ఎల్." అంటారు. చదివింది కూతురు, పేరు నాన్నకి! నాన్న సంతోషిస్తాడేమో గాని అది సరికాదు.

దీనికి మందు సులువే. ఎండ్‌నోట్‌లో పేరు మొత్తం రాసి చివర కామా పెడితే ముక్కలు చెయ్యదు. జొటేరోలో రెండు గళ్ల బదులు ఒకే గడి ఎంచుకోవచ్చు. తెలుగు పుస్తకమైతే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, దాని అర్థం పక్కన చదరపు బ్రాకెట్లలో ఇవ్వాలి. తెలుగు పుస్తకాన్ని వదిలేసి, దాని గురించి ఇంగ్లీషులో ఎవరో రాసినదాన్ని చూపించడం నాకు నచ్చదు. చదివింది ఏదైతే అదే చూపించాలి.

ఆధారం చూపించడం తెల్లవాళ్లు నేర్పిన విద్య అనుకునేవాళ్లకి ఒక మాట. కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్యలు రాసిన కోలాచల మల్లినాథసూరి, మూలం లేనిదేదీ రాయనని ముందే మాటిచ్చి, ప్రతి అర్థానికీ ఫలానా నిఘంటువు అని పేరు చెప్తూ పోయాడు. మెదక్ దగ్గరి కొల్చారం ఆయన ఊరు. ఆ ఊరే ఆయన ఇంటిపేరు. అదీ ముందే ఉంది!

నన్ను ఎక్కువగా బాధించేది వేరే ఉంది. తోటల బతుకు గురించి రాసే మన పిల్లలకి పుస్తకాల కంటే తాతలూ మామ్మలే పెద్ద ఆధారం. కాని ఏపీఏ లెక్కలో నోటిమాట "వ్యక్తిగత సంభాషణ". వ్యాసం మధ్యలో పేరూ తేదీ వేస్తారు గాని చివరి జాబితాలో చోటు లేదు, ఎందుకంటే ఇంకొకరు వెళ్లి దాన్ని వెతికి చూడలేరు. పరిశోధన కోసమే చేసిన ఇంటర్వ్యూ అయితే ఆ పేరు కూడా పోయి "3వ వ్యక్తి" అని మిగలొచ్చు. గోప్యత అవసరమే, నేను కాదనను. కాని పేరు వెయ్యమని కోరుకునే ముసలివాళ్లని ఎవరైనా అడిగారా?

అదే మాట రికార్డు చేసి, లైబ్రరీలోనో అభిలేఖాగారంలోనో అందరూ వినేలా భద్రపరిస్తే అది జాబితాకెక్కే ఆధారం అవుతుంది. అందుకని మీ పిల్లల్ని ఇంటర్వ్యూలు మొదలుపెట్టకముందే గైడుతో మాట్లాడమనండి. అసలు పేరు వాడటానికి, రికార్డు దాచడానికి రాతపూర్వకంగా అనుమతి అడిగే వీలు నైతిక కమిటీకి ఇచ్చే దరఖాస్తులోనే పెట్టుకోవాలి. తర్వాత అడిగితే కష్టం. రికార్డు మొదట్లో మామ్మ చేత ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చెప్పించండి. పుట్టింటిదీ, అత్తింటిదీ, రెండూ.