ఆకాశచిత్రములు – మన పాఠశాలలు

సుమారు 400 కిలోమీటర్ల యెత్తున, ఇంచుమించు 90 నిమిషముల కొకసారి భూగోళమును చుట్టివచ్చుచున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము మన పల్లెల మీదుగను పట్టణముల మీదుగను సాగిపోవుచున్నది. ముందుగా ప్రకటించిన కొన్ని దినములలో ఆ కేంద్రమునందలి అమెచ్యూరు రేడియో చిత్రములను ప్రసారము చేయుచుండును. వానికి రుసుము లేదు; రహస్యలిపి లేదు. ఇట్టి విద్యాదానము మన పైకప్పులను దాటిపోవుచుండగా మన పాఠశాలలు మిన్నకుండుట తగునా?

ఇందలి విధానము గహనమైనది కాదు. చిత్రమును వరుస వరుసగా విడదీసి, వెలుగునీడలను హెచ్చుతగ్గు స్వరములుగా మార్చి, 145.800 మెగాహెర్ట్జులపై పంపుదురు. ఒక్కొక్క చిత్రమునకు రెండు నిమిషములు పట్టును. చిన్న రేడియో, చేతితో చేసికొనదగిన ఆంటెన్నా, ఆ స్వరములను తిరిగి చిత్రముగా మార్చు సాఫ్టువేరు గల సెల్‌ఫోను – సాధనము లివియే. కేంద్రము దిఙ్మండలముపై నుండునది పది నిమిషములు మాత్రమే గనుక, ఒక పర్యాయమున రెండు మూడు చిత్రములకంటె నెక్కువ చిక్కవు.

ఇంటర్నెట్టులో ఇంతకంటె నందమైన చిత్రములు వేలకొలది లభించుచుండగా ఈ శ్రమ యేల యని కొందరు ప్రశ్నింపవచ్చును. అందమైన చిత్రము బాలుని నేమియు నడుగదు. గీతలు పడిన చిత్రము అడుగును. ఈ గీత యేల పడినది? ఆంటెన్నా పక్కకు తిరిగినందుననా, మేడగోడ అడ్డమువచ్చినందుననా? కేంద్రము సమీపించునపుడు హెచ్చుగా నున్న పౌనఃపున్యము, దూరమగునపుడు తగ్గనేల? పాఠ్యపుస్తకమున డాప్లరు పేరు వల్లించిన విద్యార్థి, ఆ సూత్రమును తన చెవితో విని గ్రహించు ఘడియ యిదియే.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. భారతదేశపు అమెచ్యూరు రేడియో ఉపగ్రహమగు హామ్‌శాట్ 2005 మే 5వ తేదీన మన శ్రీహరికోటనుండియే పైకెగసినది. హైదరాబాదున జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ కలదు. 2004 డిసెంబరులో సునామీ అండమాను దీవులను ముంచెత్తినపుడు, ఆ సంస్థ పక్షమున పోర్టుబ్లెయరులో నుండిన బృందమే బాధితుల క్షేమసమాచారములను రేడియో ద్వారా వారి బంధువులకు చేర్చెను. నాడు వినోదమనిపించిన విద్య, తంతులు తెగిన దినమున ప్రాణాధారమయ్యెను. ఏటేట తుపానుల కెదురొడ్డు మన కోస్తాజిల్లాలకు ఇంతకంటె వేరు నిదర్శన మేల?

వినుట వేరు, పలుకుట వేరు. ప్రసారము చేయగోరువారు కేంద్రప్రభుత్వపు పరీక్షయం దుత్తీర్ణులై లైసెన్సు పొందవలెను. కావున ప్రధానోపాధ్యాయులు తమ పట్టణమునందలి లైసెన్సుదారు లగు ఔత్సాహికులను ఆహ్వానించి, వారి పర్యవేక్షణమున ఈ కార్యము నారంభింపవలెను. ప్రయోగశాలలకై నిధుల నొసగు ప్రభుత్వములు ఇందులకును కొంత కేటాయించిన, అది వృథావ్యయము కానేరదు.

జాగుచేయుటకు వ్యవధి లేదు. 1998లో నిర్మాణ మారంభమైన ఈ కేంద్రమును, 2030 తరువాత కక్ష్యనుండి దింపివేయుటకు నాసా సంకల్పించియున్నది. నేడు ఆరవ తరగతి చదువు బాలుడు కళాశాల విడుచునప్పటికి ఈ స్వరములు ఆకాశమున నుండునో లేదో! రాబోవు ప్రసారము ప్రకటితమగునాటికి, జిల్లా కొక్క పాఠశాలయైనను తన మేడపై ఆంటెన్నా నిలుపుకొనవలెనని మా కోరిక.