పైపూత సరే, లోపలి వెచ్చదనం మాటేమిటి?



"జీర్ణోద్ధరణ" అనే మాటను మనం ఎక్కువగా దేవాలయాల విషయంలోనే వాడుతుంటాము. జీర్ణమైనదానిని ఉద్ధరించడమని దాని అర్థం. గోపురానికి రంగులు వేయించి, గర్భాలయం పైకప్పు కురుస్తున్నా పట్టించుకోకపోతే అది అలంకరణ అవుతుందే తప్ప జీర్ణోద్ధరణ కాదు. ఈ భేదం పాత కార్లకు కూడా వర్తిస్తుందని నా అభిప్రాయం.

తెలుగు పండితుడికి కార్లతో పనేమిటని మీరు నవ్వుకోవచ్చు. మా అమ్మాయి కుటుంబం జర్మనీలో ఉంటుంది. అక్కడికి వెళ్ళినప్పుడల్లా మా అల్లుడుగారి పాత ఫోక్స్‌వాగన్ బీటిల్‌లో తిరగడమూ, ఆయన దానికి చేసే సేవను పక్కన నిలబడి చూడడమూ నాకు అలవాటయ్యాయి.

జర్మన్లు ఆ కారును "కేఫర్" అంటారు, అనగా పెంకుపురుగు. ప్రపంచం మొత్తం మీద 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారయ్యాయి. చిట్టచివరిది 2003 జూలైలో మెక్సికోలోని ప్యూబ్లా కర్మాగారం నుండి వెలువడింది. ముప్ఫై ఏళ్ళు దాటి, తొలిరూపం చెడకుండా ఉన్న బండికి జర్మనీలో 1997 నుండి నంబరు పలక చివర "హెచ్" అనే అక్షరం ఇస్తున్నారు. అటువంటి బండి గలవారు రంగుకూ, క్రోమియం మెరుగుకూ, సీట్ల గుడ్డకూ పడే శ్రమ చూడముచ్చటగా ఉంటుంది. హీటరు ప్రస్తావన రాగానే మాత్రం, "బీటిల్‌లో అది ఏనాడు సరిగా పనిచేసింది కనుక!" అని నవ్వేస్తారు. ఆ నవ్వుతోనే నాకు పేచీ.

ఎందుకో చెప్పాలంటే ఆ హీటరు పనితీరు కొంత చెప్పాలి. సాధారణంగా కార్లలో ఇంజనును చల్లబరచే నీరే వేడెక్కి, ఒక చిన్న రేడియేటరు ద్వారా లోపలివారికి వెచ్చదనమిస్తుంది. బీటిల్ ఇంజనుకు నీటితో పనిలేదు. అది వెనుకభాగంలో ఉండి, ఫ్యాను గాలితో చల్లబడుతుంది. 1960ల తొలినాళ్ళ నుండి వచ్చిన బళ్ళలో ఆ ఫ్యాను గాలిలో కొంతభాగాన్ని గొట్టాల ద్వారా క్రిందికి మళ్ళించారు. ఇంజను పొగ వెళ్ళే గొట్టాల చుట్టూ ఇరువైపులా రేకు తొడుగులుంటాయి. గాలి వాటిలో వేడెక్కి, తలుపుల క్రింద ఉన్న బోలు దూలాల గుండా ప్రయాణించి, పాదాల వద్దకూ ముందు అద్దం మీదికీ చేరుతుంది.

అంటే మనం పీల్చే గాలికీ ఇంజను విడిచే విషధూమానికీ నడుమ ఉన్నది ఒక్క లోహపు గోడ మాత్రమే! దశాబ్దాల తేమకు ఆ గోడ తుప్పుపట్టి చిల్లిపడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత మొదలవుతాయి. ప్రయాణపు బడలిక అనుకుంటాము. వాసన రాలేదు కనుక భయం లేదనుకోవడం అన్నిటికన్నా ప్రమాదకరమైన భ్రమ.

కనుక శరదృతువులోనే, ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత, కారును జాకీ మీద వదలక గట్టి స్టాండ్ల మీద నిలిపి, క్రింద పరీక్షించాలి. రేకు తొడుగులను లోపలా బయటా చూడాలి. పొగగొట్టాల అతుకుల వద్ద గాస్కెట్లు మార్చాలి. చినిగిన గాలిగొట్టాలను తీసివేయాలి. వేడిని తెరిచి మూసే రేకుతలుపులూ, వాటిని లాగే కేబుళ్ళూ బిగుసుకుపోకుండా చూడాలి. తలుపుల క్రింది దూలాలలో తుప్పు ఉంటే వెచ్చదనమే కాదు, బండి బలమే పోయినట్లు. ఇంత చేసినా, కార్బన్ మోనాక్సైడును పసిగట్టి మోగే చిన్న పరికరమొకటి లోపల ఉండవలసినదే.

కొందరు ఈ బాధంతా ఎందుకని తొడుగులు తీసివేసి ఉత్త గొట్టాలు బిగిస్తారు. ఎండాకాలంలో మాత్రమే నడిపేవారిని నేను తప్పుపట్టను. కానీ నవంబరు మంచులో ముందు అద్దం మసకబారితే, ఒక చేత స్టీరింగు, మరొక చేత గుడ్డ పట్టి నడపడం ఎవరికి క్షేమం? హీటరు సుఖం కోసమే కాదు, చూపు కోసం కూడా. మరికొందరు చౌకరకం తొడుగులు కొంటారు. వాటిలో కొన్నిటికి లోపల వేడిని పట్టే రెక్కలు తక్కువ. బయటికి అసలు వస్తువులాగే ఉంటాయి. రూపసాదృశ్యమే గాని గుణసాదృశ్యం లేదు. అటువంటివి బిగించి, హీటరు పనిచేయదని బీటిల్‌ను నిందించడం న్యాయం కాదు.

ఈ సంగతి తెలుగులో వ్రాయడానికి కారణముంది. బెజవాడ ఎండలలో పెరిగినవారికి కారులో హీటరు విలాసంగా తోచడం సహజం. చలిదేశాలకు వెళ్ళి, ముచ్చటపడి పాత బండి కొనే మన పిల్లలకు దీనిని గురించి చెప్పే పెద్దవారు ఇంట్లో ఉండరు. రంగు వెలిస్తే నలుగురూ చెబుతారు. తొడుగులోని చిల్లిని ఎవరూ చెప్పరు. "పైన పటారం, లోన లొటారం" అని మనవారు ఊరకే అనలేదు.

మీ ఎరుకలో అటువంటి బండి నడిపేవారుంటే, చలి ముదరకముందే ఒక్కమాట అడగండి: "రంగు బాగుంది నాయనా, హీటరు విప్పి చూసి ఎన్నాళ్ళయింది?"