పారేసే చోటు లేనప్పుడు

1999 జనవరిలో జపాన్‌లోని నగోయా నగరానికి చెత్త పోసుకునే దారి మూసుకుపోయింది. పాత డంపింగ్ యార్డు నిండిపోవచ్చింది. ఫుజిమాయె అనే చోట సముద్రపు బురద నేలను పూడ్చి కొత్తది కట్టాలని అధికారులు ఏళ్లుగా పట్టుబట్టారు. ఆ బురదలో ఏటా వేలాది ఉల్లంకి పిట్టలు దిగి మేతమేసి, మళ్లీ ఆస్ట్రేలియా దాకా ఎగురుతాయి. స్థానికులు పోరాడారు, చివరికి దేశ పర్యావరణ విభాగం కూడా వద్దంది. నగరం వెనక్కి తగ్గింది.

మరుసటి నెలలోనే మేయర్ చెత్త అత్యవసర పరిస్థితి ప్రకటించారు. రెండేళ్లలో ఐదోవంతు తగ్గాలన్నది లక్ష్యం. సిబ్బంది పేటపేటకూ వెళ్లి రెండు వేలకు పైగా సభలు పెట్టి, ఏ కాగితం ఎందులో వేయాలో, ఏ ప్లాస్టిక్ ఎందులో వేయాలో విడమరిచి చెప్పారు. లక్ష్యం దాటింది. తగ్గినదాంట్లో పెద్ద భాగం రీసైక్లింగుకు మళ్లినదే, ఆ మాట దాచకూడదు. అయినా ఏడాదికి పది లక్షల టన్నుల చెత్త దగ్గర ఉన్న నగరం రెండేళ్లలో అంత మారింది. ఫుజిమాయె 2002లో, ప్రపంచ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది.

కోపెన్‌హాగెన్‌ది వేరే కథ. అక్కడ చెత్తను కాల్చి ఇళ్లకు వేడి పంపుతారు. 2017లో మొదలైన అమాగర్ బాకె ప్లాంటు కప్పు మీద జనం స్కీయింగ్ కూడా చేస్తారు. శుభ్రంగా పనిచేస్తుంది, కాదనను. కానీ కొలిమి కట్టాక దానికి రోజూ మేత కావాలి. డెన్మార్క్ కొలిములకు బయటి దేశాల నుంచి చెత్త తెప్పించారు. యూరప్ సమాఖ్యలో తలసరి చెత్త అత్యధికంగా లెక్కతేలే దేశాల్లో డెన్మార్క్ ఒకటి. పారేసినది ఎటోచోటుకు చక్కగా పోతుంటే తగ్గించుకోవాలని ఎవరికి తోస్తుంది?

సియోల్ ఆ ప్రశ్నను ఇంటి గుమ్మంలోకే తెచ్చింది. 1978 నుంచి 1993 దాకా నాన్‌జిదో దిబ్బ మీద పోసి పోసి కొండలు చేశారు. 1995 నుంచి దేశమంతటా డబ్బిచ్చి కొన్న సంచిలోనే చెత్త వేయాలన్నారు. 2013 నుంచి మిగిలిపోయిన తిండిని తూకం వేయడం మొదలైంది. అపార్ట్‌మెంట్ కింద డబ్బాకు కార్డు చూపిస్తే మూత తెరుచుకుంటుంది. వేసింది ఎంత బరువో తెర మీద పడుతుంది, బిల్లూ ఆ లెక్కనే. పుచ్చకాయ తొక్కలో నీరూ బరువే కదా, అందుకని ఇళ్లలో వడగట్టి, పిండి మరీ కిందికి తెస్తారు. అలా చేత్తో పిండిన మనిషికి నిన్న కూర ఎంత ఎక్కువ వండామో గుర్తుండి తీరుతుంది.

మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021లో చెత్త పన్ను వేశారు. బస్తాడు పారేసినా గుప్పెడు పారేసినా ఆ ఇంటికి నెలకు ఒకటే మొత్తం. జనం తిట్టుకున్నారు, 2024లో ఎత్తేశారు. పన్ను పోయిందని సంతోషించాం గానీ, అది ఉన్నన్నాళ్లూ చెత్త తగ్గించిన ఇంటికి ఒక్క రూపాయి కలిసిరాలేదన్న సంగతి ఎవరం పట్టించుకోలేదు.

హైదరాబాద్‌లో పొద్దున్నే ఆటో వస్తుంది, డబ్బా ఖాళీ అవుతుంది, మనం మర్చిపోతాం. అది చేరేది నగర శివారులోని జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు. అక్కడివాళ్లు ఆ వాసనలో పిల్లల్ని పెంచుతున్నారు, అక్కడి భూగర్భ జలం పాడైంది. వాళ్లకిది మరిచిపోగలిగిన విషయం కాదు.

ఇక మీ ఊళ్లో కొత్త డంపింగ్ యార్డుకు స్థలం చూస్తున్నారని పేపర్లో చదివితే, మీ కార్పొరేటర్‌ని ఒక్క మాట అడగండి: స్థలం సరే, ఇంటింటి చెత్తను తూచేది ఎప్పుడు?